మన పిల్లలకు హైకూ లేల?

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిదప తల్లిదండ్రుల సమావేశము జరిగినది. ఆ దినమున ఎనిమిదవ తరగతి విద్యార్థి తండ్రి యొకరు నా బల్లయొద్దకు వచ్చి, తన కుమారుని వ్రాతపుస్తకము నా యెదుట బెట్టి, "మేష్టరుగారూ, మావాడు లెక్కలలో వెనుకబడి యున్నాడు. వాడేమో పుటకు మూడు ముక్కలు వ్రాసి, ఇది కవిత్వమనియు, మీరే వ్రాయుమంటిరనియు జెప్పుచున్నాడు. ఇందులో యతి లేదు, ప్రాస లేదు, నీతి లేదు. పరీక్షలో దీనికి మార్కులైన గలవా?" అని యడిగెను. ఆయన మాటలో కోపముకంటె ఆవేదనయే యెక్కువగ నుండెను. కాయకష్టముచేసి బిడ్డను జదివించుకొను తండ్రి యట్లడుగుట న్యాయమే. మార్కులు లేవని నిజమే చెప్పితిని. తక్కిన సమాధానమును మన పాఠశాల సంచికలో వ్రాసెదనని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుకొనుటకే యీ వ్యాసము.

హైకూ యనునది జపాను దేశపు కవితారూపము. పూర్వ మాదేశమున పలువురు కవులు కూడి గొలుసుకట్టుగ కవిత యల్లెడి యాచార ముండెను. ఒకరు మొదటి చరణము చెప్పగా, రెండవవారు దానికి దగులునట్లు రెండవ చరణమును, వేఱొకరు మూడవదానిని జెప్పుచుండిరి. ఆ మొదటి చరణమునకు 'హొక్కు' అని పేరు. అప్పుడు నడచుచున్న ఋతువు నది సూచింపవలెను. కాలక్రమమున నీ మొదటి చరణమే గొలుసునుండి విడివడి తనంత దాను నిలువ నేర్చెను. అట్లు నిలిచినదానికి 'హైకూ' యను పేరును స్థిరపఱచినవాడు మసఓక షికి (1867-1902).

ఈ మార్గమున మఱి మూడు పేరులు ముఖ్యముగ దెలియదగినవి. మొదటివాడు మత్సువో బషో (1644-1694). ఆయన గుడిసె ముంగిట శిష్యుడొకడు తెచ్చి యిచ్చిన అరటిమొక్క పేరే ఆయన పేరైనది. జపాను భాషలో 'బషో' యనగా నొకజాతి అరటి. 1689వ సంవత్సరమున ఆయన సోరా యను శిష్యుని వెంటబెట్టుకొని, నేటి టోక్యో యగు ఎదో నగరమునుండి బయలుదేఱి, ఉత్తర ప్రాంతములగుండ ఇంచుమించు అయిదు మాసములు, చాలవఱకు కాలినడకన, దిరిగి తన యాత్రను వచనమునను హైకూలలోను వ్రాసిపెట్టెను. రెండవవాడు యొస బుసొన్ (1716-1784). ఆయన గొప్ప చిత్రకారుడు గూడ. మూడవవాడు కొబయషి ఇస్స (1763-1828). మన బాలికలు గుర్తుంచుకొనదగిన పేరు మఱియొకటి గలదు. కగ ప్రాంతమున బుట్టిన చియొ-ని (1703-1775) యను కవయిత్రి యా కాలముననే హైకూలు వ్రాసి దేశమంతట బేరు గాంచెను.

హైకూలో పదునేడు మాత్రలుండునని చెప్పుదురు: మొదట అయిదు, నడుమ నేడు, చివర అయిదు. దీనిని మనవారు కొందఱు పదునేడు అక్షరములని భావించి లెక్కించుచున్నారు. అది సరిగాదని నా యభిప్రాయము. జపానువారు లెక్కించునది మన అక్షరమును గాదు. అది మన ఛందశ్శాస్త్రములోని మాత్రకు మిక్కిలి దగ్గఱగ నుండును. గురులఘువులు నేర్చిన విద్యార్థు లీ సంగతి తామే పరీక్షించి చూడవచ్చును. మనము దీర్ఘమిచ్చి 'హైకూ' అనుచున్నాము గాని వారు హ్రస్వముగ 'హైకు' అందురు. 'హై' గురువు, 'కు' లఘువు, మూడు మాత్రలు. జపాను లెక్కలోను మూడే. 'బషో' యన్నను మూడే, 'ఇస్స' యన్నను మూడే. 'నిప్పొన్' అనగా నాలుగు. 'టోక్యో' యనగా నాలుగు. మన గురులఘువుల లెక్కయు వారి లెక్కయు నిచ్చట సరిపోవుచున్నవి. ఒక కందపద్యమున గణములు పదియాఱు, మాత్రలు అఱువదినాలుగు. అనగా నొక హైకూ కందములో నాలుగవవంతుకంటె నించుక యెక్కువ మాత్రమే. ఇంత చిన్న పాత్రలో నుపదేశ మిమడదు, వర్ణన యిమడదు. ఒక్క చూపు మాత్ర మిముడును. అందుచేత నేను తరగతిలో లెక్కను బట్టుకొని పిల్లలను బాధింపను. మూడు చిన్న పంక్తులు, ఒక్క శ్వాసలో చదువదగినవి, చాలునని చెప్పుదును.

లెక్కకంటె ముఖ్యమైన నియమములు రెండు గలవు. మొదటిది ఋతువును దెలుపు మాట. జపానువారు ఈ మాటల నన్నిటిని బోగుచేసి ఋతుకోశములు గూర్చుకొన్నారు. వసంతము, గ్రీష్మము, శరత్తు, హేమంతము, క్రొత్త సంవత్సరము అని వానిని సాధారణముగ అయిదు భాగములుగ విభజింతురు. విశేషణ మేదియు లేక చంద్రుడని చెప్పినచో నది వారికి శరదృతువు. కప్ప యన్నచో వసంతము. రెండవ నియమము విఱుపు. హైకూలో సాధారణముగ రెండు తునుకలుండును. నడుమ నొక విఱుపుమాట యుండును. ఆ రెండింటికి గల సంబంధమును కవి చెప్పడు. చదువరి యించుక యాగి తానే కలుపుకొనవలెను. ఈ పద్ధతి మన పిల్లలకు బొత్తిగ క్రొత్తదిగాదు. పొడుపుకథలు విప్పుటకు వారు చిన్ననాటనే యలవాటుపడి యున్నారు గదా! అయితే పొడుపుకథ వస్తువును దాచి యడుగును. హైకూ వస్తువును జూపి యూరకుండును. ఇదియే భేదము.

ఇట్టి కవితను బాలురకు జూపుటవలన నేమి లాభమని యడుగవచ్చును. నాకు దోచిన మొదటి లాభమిది. పిల్లవాడు మనయొద్ద నెల్లప్పుడు జవాబులు చెప్పువాడుగనే యుండును. ఇంట దండ్రి యడుగును, బడిలో మేము అడుగుదుము, పరీక్షలో కాగిత మడుగును. వానికి ముందుగనే తెలిసిన జవాబే కావలెను. "నీవేమి చూచితివి?" అని వానిని అడుగువారు లేరు. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములో లేదు, పొరుగువాని పలకపై లేదు. వాడు స్వయముగ జూచి యుండవలెను. హైకూ వ్రాయుమని చెప్పుట యనగా నీ ప్రశ్న నడుగుటయే.

రెండవది. పెద్ద విషయములే వ్రాతకు దగినవని పిల్లలు తలంచుచుందురు. తమ యిల్లు, తమ వీధి, తమ చిన్న కష్టము వ్రాయదగినవి కావని సిగ్గుపడుదురు. ఇస్స జీవితము వారికి ధైర్యము చెప్పును. ఆయన షినానో ప్రాంతములోని కషివబర యను పల్లెలో బుట్టెను. మూడవయేట తల్లి చనిపోయినది. సవతితల్లితో పొసగక, పదునాలుగు పదునైదేండ్ల వయసున నొంటరిగ ఎదో నగరమునకు బంపబడెను. పిమ్మట గలిగిన బిడ్డలు పసితనముననే పోయిరి. 1819వ సంవత్సరమున ముద్దుకూతురు మశూచికమువలన మరణింపగా, ఆ దుఃఖమును వచనముతో గలిపి వ్రాసిన గ్రంథమే ఆయన రచనలలో బ్రసిద్ధి కెక్కినది. 1827లో నిల్లు కాలిపోగా, మిగిలిన ధాన్యపుకొట్టులో కాపురముండి, ఆ మఱుచటి సంవత్సరారంభమున నందే కన్ను మూసెను. ఇంత యనుభవించినవాడు ఈగను గూర్చియు, నత్తను గూర్చియు, పిచ్చుకపిల్లను గూర్చియు వేలకొలది హైకూలు వ్రాసెను. అల్పప్రాణియని యొక్కదానిని విడువలేదు.

షికి కథయు నిట్టిదే. క్షయరోగము వెన్నెముకకు సోకుటచే నాయన తన చివరి సంవత్సరములు పడకనుండి లేవలేక గడపెను. ఆయనకు గనబడు ప్రపంచ మొక చిన్న తోట మాత్రమే. దానినే చూచి వ్రాసెను. చిత్రకారుడు వస్తువు నెదుట నుంచుకొని గీసినట్లు కవియు నున్నదానిని జూచి వ్రాయవలెనని యాయన బోధ. తన యాఱడుగుల రోగశయ్యను గూర్చి 1902వ సంవత్సరమున నొక వార్తాపత్రికలో దినదినము వ్రాయుచు, ముప్పదినాలుగేండ్ల ప్రాయముననే మరణించెను. చూచుటకు దూరదేశములకు బోవలెనని యనుకొను పిల్లవానికి నేనీ కథ చెప్పుచుందును. కిటికీ యున్న చాలును.

జపానులో నిది పండితుల కొఱకు మాత్రమే యున్నదని తలంపరాదు. అచ్చటి ప్రాథమిక పాఠశాలల పిల్లలు హైకూలు చదువుదురు, వ్రాయుదురు. షికి జన్మించిన మత్సుయమ నగరమున దారిన బోవువారు తమ హైకూలను వ్రాసి వేయుటకు పెట్టె లమర్చబడి యున్నవి. 1895వ సంవత్సరమున ఆ నగరపు మాధ్యమిక పాఠశాలలో ఇంగ్లీషు బోధించిన యువకుడైన యుపాధ్యాయు డొకడుండెను. రోగియై స్వస్థలమునకు వచ్చిన షికి ఆతని బసలో ఏబదిరెండు దినము లుండెను. ఆ యుపాధ్యాయుడును మిత్రునితో గూడి హైకూలు వ్రాయుచుండెను. ఆయనయే తరువాత మహానవలాకారుడుగ బ్రసిద్ధుడైన నత్సుమె సోసెకి. ఆ నగరముననే 1998 మొదలు ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ప్రతి సంవత్సరము హైకూ పోటీలు జరుగుచున్నవి. ఒక్కొక్క జట్టున నయిదుగురుందురు. హైకూ వ్రాయుటయే గాక, ఎదిరిజట్టు ప్రశ్నలకు జవాబు చెప్పి తమ హైకూను సమర్థించుకొనవలెను. మనవారు బంతియాటలకు జట్లు గట్టునట్లు అచ్చటివారు కవితకు జట్లు గట్టుచున్నారు. జపాను విమాన సంస్థకు జెందిన ధర్మసంస్థ 1990 మొదలు నానాదేశముల బాలుర హైకూలకు బోటీలు నడుపుచున్నది. కావున నిది యొక్క దేశపు బాలురకే పరిమితమైన విద్యయు గాదు.

ఇక నాక్షేపణలకు వత్తును. ఇది పరదేశపు కవిత, మనకేల యని కొంద ఱందురు. రవీంద్రనాథ ఠాకూరుగారు 1916లో జపాను వెళ్లి, 1919లో బ్రకటించిన తమ యాత్రాగ్రంథమున బషో హైకూలను వంగభాషలోనికి దెచ్చిరి. మన తెలుగునాట, కాకినాడలో కళాశాలాధ్యాపకులై యుండిన కవి ఇస్మాయిల్ గారు (1928-2003) హైకూలు వ్రాసి పలువురకు మార్గము చూపిరి. మఱియు, చిన్న కవితలో సామాన్యుని దినచర్యను బొదుగుట మన నేలకు గ్రొత్తగాదు. శాతవాహనరాజగు హాలుని పేరనున్న ప్రాకృత గాథాసప్తశతిలో రైతులు, గొల్లలు, వేటగాండ్రు, పల్లె యిల్లాండ్రు, పంటచేలు, వానకాలపు దారులు రెండేసి పంక్తులలో నున్నవి. మన పూర్వుల పొలముగట్లును, జపానువారి చెరువుగట్లును బరస్పరము దూరమైనవి గావు.

పద్యవిద్య చెడునని మఱికొంద ఱందురు. పద్యమును నేనును బ్రేమింతును. వేమన యాటవెలదులను, శతకపద్యములను కంఠస్థము చేయింపకుండ నే తరగతిని బైకి బంపను. కాని పద్యము కంఠస్థము చేయుట చెవికిని, జ్ఞాపకశక్తికిని శిక్ష. హైకూ వ్రాయుట కంటికి శిక్ష. ఒకటి వేఱొకదాని స్థానము నాక్రమింపదు. అన్నము తినువాడు నీరు త్రాగరాదని యెవరును జెప్పరు గదా!

మూడవ యాక్షేపణ బలమైనది. వచనమును మూడు ముక్కలుగ విఱిచి కవిత యనుట సులభమనియు, పిల్లలు సోమరులగుదు రనియు నందురు. ఇది నిజమే. మొదటి మాసమున మా తరగతిలో వచ్చిన వానిలో హెచ్చుభాగ మట్టివే. ఒక బాలిక ప్రకృతి సౌందర్యము మనోహరమని, భగవంతుని సృష్టి యద్భుతమని మూడు పంక్తులు వ్రాసినది. తప్పేమియు లేదు, కాని యందులో నామె లేదు. "అమ్మా, ఈ ఉదయము నీవు బడికి బయలుదేఱులోపల నేమి చూచితివి?" అని యడిగితిని. ఏమియు లేదనెను. గిన్నెలు కడిగితి ననెను. కడిగిన గిన్నెమీద చీమ యొకటి యుండెననెను. అది యెట్లు వచ్చినదని యడుగగా నవ్వి కూర్చుండినది. మఱునాడిది తెచ్చి చూపెను:

కడిగిన గిన్నె —
అంచున నొక్క మెతుకు,
అప్పుడే చీమ.

ఇందులో సౌందర్యమను మాట లేదు. సృష్టి యద్భుతమను మాటయు లేదు. కాని యీ మూడు పంక్తులు విన్న తరగతి పిల్లలందఱును దమ యింటి గిన్నెలను దలంచుకొనిరి. మొదటి మూడు పంక్తులు వ్రాయుట సులభము. రెండవ మూడింటిని వ్రాయుటకు గిన్నె కడుగుచు గన్ను తెఱచి యుండవలెను. కావున సోమరితనమునకు మందు హైకూను మానిపించుట గాదు, సరిగ నడుగుట.

మఱియొక బాలుడు మంచు కురియుటను గూర్చి వ్రాసెను. నీవు మంచు కురియగా జూచితివా యని యడిగితిని. చేతిఫోనులో జూచితి ననెను. అందుమీదట మేము మన యూరి ఋతుకోశము నొకదానిని గూర్చుకొన నారంభించితిమి. కప్ప వారికి వసంతమైనను మాకు తొలకరి. మామిడిపూత, తాటిముంజలు, రోహిణి యెండలు, వానకు ముందు ఱెక్కల చీమలు, అట్లతద్ది యుయ్యెల, సంక్రాంతి గొబ్బెమ్మ, ఇంటి చూరునకు వ్రేలాడు క్రిస్మసు కాగితపు నక్షత్రము, ఇవన్నియు నందు జేరినవి. ఒక బాలుడు రంజాను నెలవంకను జేర్పుమనెను. వెంటనే వేఱొకడు లేచి, రంజాను ఏటేట పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును గనుక నది యే ఋతువునకును గుర్తు గాజాల దనెను. ఆ దినమున తెలుగు తరగతి కొంతసేపు ఖగోళశాస్త్రపు తరగతి యైనది. చివరకు నెలవంకను ఋతువులేని పుటలో వ్రాసితిమి. ఆ పుటకు బేరు పెట్టుట యింకను మిగిలియున్నది.

ఇచ్చట నా తప్పు నొకదానిని జెప్పుకొనవలెను. తరగతిలో నెప్పుడును మాటాడని బాలుడొక డుండెను. ఒక దినమున వాడు తన పుస్తకమును మాటాడక నా బల్లపై బెట్టి పోయెను. పుస్తకములు కట్టగ దిద్దుచు, వానిది దిద్దితిని. వాడు వ్రాసిన దిది:

అవ్వ మంచము
గోడకు నిలువ బెట్టిరి —
నేలపై ఎండ.

నేను ఎఱ్ఱసిరాతో 'మంచము'ను 'మంచమును' అని దిద్ది, క్రింద 'భావము స్పష్టముగ లేదు' అని వ్రాసితిని. పది దినముల పిదప వాని పొరుగు బాలునివలన వాని నాయనమ్మ చనిపోయినదని తెలిసినది. తల్లి పనికి బోగా ఆ యవ్వయే వానిని బెంచినదట. అప్పుడా పుట మరల దీసి చదివితిని. అన్నాళ్లు మంచముండిన తావున దానిని దీసివేయగా, ఎండ వచ్చి పడుచున్నది. పిల్లవాడు ఏడ్పును గూర్చి చెప్పలేదు, చూచినది చెప్పెను. భావము స్పష్టముగనే యున్నది. స్పష్టముగ లేనిది నా దృష్టి. వానిని బిలిచి నా తప్పు నొప్పుకొని, ఎఱ్ఱసిరా వ్రాతను గొట్టివేసితిని. వాడు తల యూచెను. ఆ తరువాత నెప్పుడైన నొక మాట మాటాడుచున్నాడు.

ఈ సంఘటనము మొదలు నాకొక విషయము నిశ్చయమైనది. పిల్లలకు దుఃఖమును జెప్పుకొనుటకు మనమిచ్చిన సాధనము లేవి? సెలవుచీటీయా? వ్యాసమా? వ్యాసమునకు బ్రారంభము, విషయము, ముగింపు కావలెను. దుఃఖించుచున్న పండ్రెండేండ్ల బిడ్డకు ముగింపెచ్చట దొరకును? మూడు పంక్తులు వానికి సరిపోవును. దాని నెఱుగుటకు మనము సిద్ధముగ నుండవలెను. అందుచే నీ విద్య బాలురకు గాక ముందుగ నుపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నవసరమని నా మతము.

చేయదలచినవారికి నాలుగు సూచనలు. వారమునకు రెండు మూడు హైకూలకంటె నెక్కువ చదువవలదు. చదివిన పిదప వెంటనే యర్థ మడుగవలదు. కొంచెము సే పూరకుండుడు. అడిగినచో "ఇది యే వేళ? ఏ ఋతువు? నీవచ్చట నుండినచో నేమి వినుచుందువు?" అని యడుగుడు. రెండవది, పోలికలను, నీతివాక్యములను దొలగింపుమని మెల్లగ జెప్పుడు. చూచినది మిగిలినచో చాలును. మూడవది, వర్ణక్రమపు దోషములను వేఱు దినమున దిద్దుడు. నాల్గవది, మార్కులు వేయవలదు. ఈ కడపటి సూచన నా యనుభవమున మిక్కిలి ముఖ్యమైనది. పరీక్షకు రానిది పాఠశాలలో నేదో యొక్కటైన నుండవలెను. అది యుండుటవలననే పిల్లవాడు నిజము వ్రాయును. దీనివలన ప్రతి బాలుడును గవి యగునని నేను జెప్పను. లెక్కలలో వెనుకబడినవాడు లెక్కలు చేయవలసినదే. హైకూ దానికి బదులు గాదు. ఇది దినమునకు పది నిమిషముల పని.

ఇక మొదట జెప్పిన తండ్రి సంగతి. మార్కులు లేవని చెప్పిన పిదప నాయనతో, "ఈ పుస్తకమున తమ కుమారుడు వ్రాసిన దంతయు జదివితిరా?" అని యడిగితిని. పైపైని జూచితి ననెను. కడపటి పుట తెఱచి యాయన చేతికిచ్చితిని. ఆయన రెండవ పాళీలో బనిచేసి, రాత్రి చాల ప్రొద్దుపోయిన పిదప నిల్లు చేరువాడని నాకు దెలియును. ఆ పుటలో నున్నదిది:

తలుపు చప్పుడు —
నిదురించినట్లు నేను,
నాన్న దుప్పటి కప్పెను.

ఆయన చదివెను. మరల జదివెను. "వాడు మేలుకొనియే యుండునా?" అని మాత్రము మెల్లగ ననెను. వెనుకనున్న వారికి దారియిచ్చి పుస్తకమును జంకన బెట్టుకొని వెళ్లిపోయెను. మార్కులమాట మరల నెత్తలేదు. లెక్కల సంగతి నా తోడి యుపాధ్యాయునితో మాటాడి వానికి సాయంకాలము కొంత సాయము గల్పించితిమి. అదియు జేయవలసిన పనియే.

బాలబాలికలారా! ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి సెలవులు దగ్గఱపడి యుండును. తాతగారి యూరికి బోవువారు పోవుదురు. ఇంటనే యుండువా రుందురు. ఎచ్చట నున్నను, దినమున కొక్కసారి యేదైన నొక వస్తువు నెదుట నిలిచి, దానిని మఱియొకదానితో బోల్చక, దానినుండి నీతి దీయక, ఊరక చూడుడు. మూడు పంక్తులు వచ్చినచో వ్రాసికొనుడు. రాకున్నను జూచిన చూపు మీకే మిగులును. మీరు తెచ్చిన పుటలను ఈ మా రెఱ్ఱసిరా లేకుండ జదువుదునని మాట యిచ్చుచున్నాను.